కొత్త పెట్టెలు, మా అత్త పలక

మా ఇల్లు గిన్నెల వెనక ఉంటుంది. ఏదో చమత్కారానికి అంటున్న మాట కాదు. బళ్ళారి బజారులో ముందు మా ఆయన పాత్రల అంగడి, దాని వెనక ఇరుగ్గా, పొడుగ్గా మా ఇల్లు. అంగడిలో నేల నుంచి పైకప్పు దాకా స్టీలు బిందెలు, ఇత్తడి అండాలు, పళ్ళేలు, చెంబులు పేర్చి ఉంటాయి. వాటిని దాటుకుని వస్తే హాలు. హాలు తర్వాత ఒక నడవ, ఇద్దరు ఎదురైతే ఒకరు పక్కకు తిరిగి దారివ్వాలి. నడవ చివర వంటిల్లు. గోడలు రాతివి, మూరెడు మందం. ఎండాకాలం ఎంత చల్లగా ఉంటుందో అని వచ్చినవాళ్ళంతా మెచ్చుకుంటారు. ఆ గోడలు ఎండనే కాదు, ఫోను సిగ్నలును కూడా లోపలికి రానివ్వవని మెచ్చుకునేవాళ్ళకు తెలియదు.

సెల్‌ఫోనులో మాట్లాడాలంటే మేడ మీదికైనా పోవాలి, అంగడి మెట్ల మీదైనా నిలబడాలి. వైఫై పెట్టించుకుంటే ఆ గిన్నెలు దాన్నీ మింగేశాయి. అంగడిలో ఉన్న పెట్టె నుంచి హాల్లోకి రావడమే కష్టం, ఇక వంటింటి మాట ఎందుకు? అందుకని కొన్నేళ్ళ కింద మా అమ్మాయి పోరి మూడు పెట్టెల సెట్టు తెప్పించింది. అంగడిలో ఒకటి, హాల్లో ఒకటి, వంటింటి తలుపు పైన గాలి కోసం వదిలిన సందులో ఒకటి. మొదటిదాని మాట రెండోది అందుకుంటుంది, రెండోదాని మాట మూడోది అందుకుంటుంది, అంతా కలిసి ఇంటికి ఒకే వైఫై. దీన్ని మెష్ అంటారని అది చెబితే తెలిసింది. మా అత్త మాత్రం వాటిని పెట్టెలనే అంటుంది. నాకూ అదే అలవాటైంది.

ఆ మూడో పెట్టె లేకపోతే మా అత్తకు రోజు గడవదు. ఆమె టీవీ చూసే మనిషి కాదు. ఆమెకు కావాల్సింది ఒక్క ఫోను, అదీ మధ్యాహ్నం భోజనం వేళకు.

మా అత్తకు ఒక అక్క ఉంది. నాకు పెద్దత్త వరస. రూపనగుడిలో కొడుకు, కోడలి దగ్గర ఉంటుంది. ఒకప్పుడు ఆమె మాట్లాడటం మొదలుపెడితే వీధి చివరివాళ్ళు కూడా పని ఆపి వినేవాళ్ళట. అలాంటి మనిషికి పక్షవాతం వచ్చి ఒక పక్క చచ్చుబడింది, మాట పోయింది. దాంతోపాటు తిండి మీద ఆశ కూడా పోయింది. కోడలు ముద్ద కలిపి నోటి దగ్గర పెడితే పెదాలు బిగించుకుని గోడ వైపు తిరిగేది. కోడలు మంచి పిల్ల, బతిమాలేది, ఏడ్చేది. ఆమె మాత్రం నోరు తెరిచేది కాదు.

ఒకరోజు మా అత్త వీడియో కాల్ చేసి, పలకరించి, ఆపడం మరిచిపోయి వంట పనిలో పడింది. అవతల కోడలు చూస్తే పెద్దత్త తల ఫోను వైపు తిరిగి ఉంది. ఇక్కడ రోట్లో పచ్చడి నూరుతున్న చప్పుడు, నూనెలో ఆవాలు చిటపటమంటున్న చప్పుడు, మా అత్త నన్ను తిడుతున్న చప్పుడు. అవన్నీ వింటూ పెద్దత్త నోరు కొద్దిగా తెరిచింది. కోడలు తెలివైంది కాబట్టి చప్పుడు చేయకుండా ముద్ద పెట్టేసింది. ఆ రోజు గిన్నెడు అన్నం తిన్నది.

ఇక అప్పటినుంచి రోజూ అదే పని. మా అమ్మాయి కాలేజీ రోజుల్లో వాడి పారేసిన ట్యాబ్ ఒకటి ఉండేది, మూల అద్దం పగిలింది. దాన్ని మా అత్త తీసుకుంది. పేరు పలక. పొయ్యి పక్కన పళ్ళేలు నిలబెట్టే స్టాండులో ఒక సందు దానికి ఇచ్చింది. కందిపప్పు ఉడికేసరికి పలకలో పచ్చ గుర్తు నొక్కుతుంది. ఇక మొదలు.

"అక్కా, ఇదో సూడు, ఆవాలు ఏస్తాండా. ఇనపడతాండాదా? నీ కోడలు ఏం చేసిందీ పొద్దు? సొరకాయా? ఉప్పు సరింగ ఏసిందా లేదా, నీ మొగం సూస్తే తెలుస్తాండాదిలే. ఈడ నా కోడలు అయితే సుమ్నె, ఊరికే నిలబడి నన్ను సూస్తాండాది, కొత్తిమీర తరగమంటే."

నన్ను తిట్టేటప్పుడు పెద్దత్త ఇంకా బాగా తింటుందని కోడలు చెప్పింది. సరే, నా వల్ల ఒక ముసలామె కడుపు నిండుతోందంటే నాకు మాత్రం అభ్యంతరం ఏముంది? కొన్ని రోజులు కావాలనే కొత్తిమీర తరగకుండా నిలబడ్డాను.

ఇలా నడుస్తుండగా మా అమ్మాయికి ఆఫీసు పని ఇంటి నుంచే అయింది. బెంగళూరు కంపెనీ, పని మా మేడ గదిలో. మీటింగులో మాట్లాడుతుంటే దాని మొహం నోరు తెరిచినట్టే నిలిచిపోతోందట. ఆ బొమ్మను ఎవరో ఫోటో తీసి ఆఫీసంతా తిప్పారట. దాంతో ఒకనాడు అన్నాల దగ్గర ప్రకటించింది.

"పాత పెట్టెలు అయిపోయినాయి నాన్నా. కొత్త సెట్టు తీసుకుందాం."

మా ఆయన పాత్రల వ్యాపారి. పాత బిందె తెస్తే తూకం వేసి కొత్త బిందె ఇచ్చే మనిషి. ఏ వస్తువు చేతికిచ్చినా ముందు వేలి కణుపుతో ఒకసారి కొట్టి చప్పుడు వింటాడు. పెళ్ళిచూపుల్లో నేను కాఫీ ఇచ్చిన గ్లాసును కూడా అలాగే కొట్టి చూశాడు. ఆయనకు పాతది పారేయడం అనే మాట అర్థం కాదు.

"పాతవి మూడు ఉండాయి గదా. ఒకటి కొత్తది తెచ్చి వాటితో కలిపితే పోలా?"

"కలవవు నాన్నా. ఇవి వేరే తరం. కొత్తది పాతదాన్ని గుర్తే పట్టదు."

"కంపెనీ ఒకటే గదమ్మా!"

"ఒకటే. అయినా కలవవు."

మా ఆయన ముద్ద కింద పెట్టేశాడు. "ఒక కంపెనీ గిన్నెకు ఇంకో కంపెనీ మూత పట్టలేదంటే సరే. అదే కంపెనీ మూత అదే కంపెనీ గిన్నెకు పట్టదంటే నేను గిరాకీకి ఏం చెప్పల్ల? తంతారు నన్ను."

నిజం చెప్పాలంటే ఆయన అడిగినదాంట్లో న్యాయం ఉందనిపించింది, కానీ పైకి అనలేదు. ఒక్కసారి ఒప్పుకుంటే ఏడాదంతా చెప్పుకుంటాడు.

మా అత్త ఈ గొడవంతా విని, మజ్జిగ గ్లాసు దించి ఒకే మాట అడిగింది.

"అదంతా నాకెందుకు? కొత్త పెట్టెలొస్తే నా పలకకు వస్తాదా, రాదా? అది చెప్పు."

అది మంచి పిల్లే. ఆ రోజు నుంచి మీటింగుల మధ్య కూర్చుని చదవడం మొదలుపెట్టింది. తేలిందేమంటే, కొత్త పెట్టెలు పలకతో మాట్లాడటానికి చాలా దారులున్నాయి గానీ, పలకకు వాటిలో ఒకే ఒక్క పాత దారి తెలుసు. పాస్‌వర్డు వేసే తాళం కూడా కొత్త రకం. పలకకు పాత తాళం తీయడమే వచ్చు. అయితే కొత్త పెట్టెల్లో పాత దారీ ఉంటుంది, సెట్టింగులో చెబితే పాత తాళాన్నీ ఒప్పుకుంటాయి. వైఫై పేరు, పాస్‌వర్డు పాతవే పెట్టేస్తే ఇంట్లో ఏ వస్తువుకూ మార్పు తెలియదు.

మా ఆయన ఊరికే ఉంటాడా? బజారులో ఆ పెట్టెలమ్మే అంగడికి పోయి ఒక్కొక్కటే అడిగాడు. మా పాత టీవీకి వస్తుందా? "ఆగుత్తె సార్." అవుతుందట. బిల్లు కొట్టే మిషనుకు? "ఆగుత్తె సార్." నీళ్ళ మోటారు స్విచ్చికి? "ఎల్లా ఆగుత్తె సార్." అన్నిటికీ అవుతుందట. పాత పెట్టెలతో కలుస్తుందా అని అడిగితే దానికీ ఆగుత్తె అన్నాడట. మా ఆయన ఆ ఒక్క ముక్క పట్టుకుని గెలిచినవాడిలా ఇంటికి వచ్చాడు. అతని అంగడిలోకి ఏనుగును తెచ్చి ఇది వైఫైకి కలుస్తుందా అన్నా అదే చెబుతాడని మా అమ్మాయి అంది.

పెట్టెలు వచ్చాయి. తెల్లగా, నున్నగా, ఒక్కోటి చిన్న కూజా అంత. మా ఆయన మూడింటినీ వేలితో కొట్టి చూసి, "లోపల ఖాలీ ఉండాదే" అన్నాడు. వచ్చిన వెంటనే బిగించేద్దామని అమ్మాయి ఆత్రం. మా అత్త ఒప్పుకోలేదు. రాహుకాలం దాటాలి. అంతవరకూ అవి బల్ల మీద కూర్చున్నాయి, ముగ్గురు చుట్టాలు వచ్చి కాఫీ కోసం చూస్తున్నట్టు. తర్వాత మా అత్త పసుపు, కుంకుమ తెచ్చింది. "అవ్వా, ఆ సన్న రంధ్రాల మీద వద్దు, గాలి ఆడదు" అని మనవరాలు మొత్తుకుంటుంటే, వాటి నుదురు ఎక్కడుందో వెతికి బొట్టు పెట్టింది.

బిగించాక అన్నీ వచ్చాయి, పలకకు తప్ప. మా అత్త అప్పుడే పప్పు దించి పచ్చ గుర్తు నొక్కి చూసింది, ఏమీ లేదు. ఆమె మొహం చూసి నాకు భయమేసింది. మా అమ్మాయి పరుగున వచ్చి, తన ఫోనులో తాళం సెట్టింగు మార్చి, పలకను ఒకసారి ఆపి తెరిచింది. పెద్దత్త మొహం వచ్చింది. ఎంత స్పష్టంగా వచ్చిందంటే, ముందు ఎప్పుడూ కనపడని ఆమె ముక్కుపుడక రాయి కూడా కనపడింది.

"అక్కా! నీ ముక్కుపుడక మెరుస్తాండాదే!" అని మా అత్త అరిచింది. ఆ రోజు పెద్దత్త బాగా తిన్నది. పాత పెట్టెలు కొత్తవాటితో కలవలేదు గానీ, దాని గురించి అలిగింది మా ఆయన ఒక్కడే. వాటిని పేపర్లో చుట్టి అంగడిలో ఒక ఇత్తడి గంగాళంలో దాచుకున్నాడు.

అన్నీ సర్దుకున్నాయనుకున్నాం. అప్పుడే పక్కన గాజుల అంగడి ఆవిడ పెరుగు తోడుకని గిన్నె పట్టుకుని వచ్చింది. తోడు చేతికిచ్చినా కదల్లేదు. నడవలో నిలబడి తలుపు పైనున్న పెట్టెను, ఆ తర్వాత పలకలో అన్నం తింటున్న పెద్దత్తను చూసింది.

"ఏం పెట్టెలు అక్కా, పాల మాదిరి ఉండాయి! మీ పెద్దత్త ఎట్ల తింటాండాదో సూడు, దినదినానికి మొగం నిండుగొస్తాండాది!"

ఆవిడ మంచిగానే అంది. కానీ ఆవిడ గడప దాటగానే మా అత్త పొయ్యి ఆపింది. ఆ సాయంత్రం మా ఆయనతో, "ఏమప్పా, ఈ అమాసకు గుమ్మడికాయ రెండు తీసకరా" అంది.

మా బజారులో అమావాస్య వచ్చిందంటే ప్రతి అంగడికీ పూజ, గుమ్మానికి నిమ్మకాయ, మిరపకాయలు, బూడిద గుమ్మడికాయ. అది దిష్టిని పట్టేసుకుంటుందని నమ్మకం, మళ్ళీ అమావాస్య దాకా దాన్ని దించకూడదు. మా అంగడి ముందరా ఎప్పుడూ ఒకటి వేలాడుతూనే ఉంటుంది. ఇంటి లోపల కట్టిన అలవాటు మాత్రం ఎప్పుడూ లేదు. ఈసారి రెండోది ఎందుకో నేను అడగలేదు, మా అత్త చెప్పలేదు. మా ఆయన మాంచి బరువైన కాయ తెచ్చాడు. తేగానే దాన్నీ వేలితో కొట్టి చూశాడు. దానికి కుంకుమ గీతలు పెట్టి, ఉట్టిలో పెట్టి, నడవ చివర వంటింటి తలుపు ముందరున్న ఇనుప కొక్కేనికి వేలాడదీశాడు. పైన సందులో పెట్టె, దాని ముందు జానెడు దూరంలో గుమ్మడికాయ. అమ్మాయి అప్పుడు మేడ మీద మీటింగులో ఉంది. తర్వాత చూసినా చూడనట్టే. మా ఊళ్ళో వేలాడే గుమ్మడికాయను ఎవరు పట్టించుకుంటారు?

మరుసటి రోజు పలకలో పెద్దత్త మొహం వచ్చింది, కదల్లేదు. మా అత్త మాట అక్కడికి ముక్కలు ముక్కలుగా పోయింది. తర్వాత మధ్యలో ఒక సున్నా గిరగిర తిరగడం మొదలైంది. మా అత్త పచ్చ గుర్తు నొక్కుతూనే ఉంది, పప్పు అడుగంటింది. ఆ రోజు పెద్దత్త తినలేదు.

ఇంకేం, అందరమూ పలక మీద పడ్డాం. కొత్త పెట్టెలతో దానికి పొసగలేదని తీర్మానించాం. మేడ మీద అమ్మాయికి బ్రహ్మాండంగా వస్తోంది, అంగడిలో బిల్లు మిషను నడుస్తోంది, టీవీ వస్తోంది. చెడ్డది ఒక్క పలకే. విచిత్రమేమంటే పలకలో వైఫై గీతలు నిండుగా ఉన్నాయి. సిగ్నలు నిండుగా ఉండి ఫోను పోకపోవడం ఏమిటో నాకు అర్థం కాలేదు. మా అమ్మాయి పాత దారికి వేరే పేరు పెట్టి చూసింది. తాళం మార్చింది. పలకలో ఉన్నవన్నీ చెరిపి కొత్తదానిలా చేసింది. ఫోనులో ఆ పెట్టెల యాప్ తెరిస్తే మూడో పెట్టెకు లంకె బలహీనంగా ఉందని, దగ్గరికి జరపమని చూపించింది. హాల్లో పెట్టెను నడవ మొదలు దాకా జరిపాం. ఏమీ మారలేదు.

మేడ మీదికి పోయి నా ఫోనులో చేద్దామని మా అత్తను చెయ్యి పట్టుకుని ఎక్కించాను. ఫోను బాగానే కలిసింది. "అక్కా, నేనే, సూడు" అని ఈమె ఎంత పిలిచినా పెద్దత్త ఒకసారి చూసి గోడ వైపు తిరిగింది. అక్కడ పొయ్యి లేదు, రోలు లేదు, ఆవాలు లేవు. వట్టి ఆకాశం, నీళ్ళ ట్యాంకు. చెల్లెలి మొహం ఒక్కటే ఆమెకు సరిపోలేదు. మెట్లు దిగేటప్పుడు మా అత్త నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

తర్వాతి రోజు మా అత్త ఎవరికీ చెప్పకుండా క్యారియర్ కట్టుకుని రూపనగుడి బస్సెక్కింది. అక్కడ కూర్చుని, వాళ్ళ వంటింట్లో తనే పోపు వేసి, అక్కకు తినిపించి సాయంత్రానికి వచ్చింది. తెల్లారి లేవలేకపోయింది. మోకాళ్ళు వాచి చెంబుల్లా అయ్యాయి. మంచం మీదనే కూర్చుని, "నేను ఆడికే పోయి ఉంటా, నన్ను కార్లో దింపిరండి" అంది. కూర్చుంటే లేవలేని మనిషి అక్కడికి పోయి ఎవరికి చేస్తుంది, ఆ కోడలు ఇద్దరినెట్లా చూసుకుంటుంది? నేను కోప్పడ్డాను. మా అత్త మీద నేను గొంతెత్తింది అదే మొదలు. ఆమె మోకాళ్ళు రుద్దుకుంటూ కూర్చునేసరికి నాకే బాధేసింది.

రూపనగుడి నుంచి కోడలి ఫోను అంగడికి వచ్చింది. మా ఆయన స్పీకరు పెట్టాడు.

"బావా, అత్త గంజి కూడా మింగడంల్యా. అంతా పక్కకు కారిపోతాండాది. డాక్టరు వచ్చి సూసినాడు. ఇట్లే ఉంటే ముక్కులోంచి గొట్టం ఎయ్యల్ల అంటాండాడు."

మా అత్త ఆ మాట విన్నది. మెల్లగా లేచి, గోడ పట్టుకుని, వంటింట్లోకి పోయి పప్పు కడిగింది. పలకను స్టాండులో పెట్టింది.

నాకు కోపం వస్తే బుర్ర పనిచేస్తుంది. ఆ రోజు ఎందుకో నా ఫోను తీసుకుని వంటింట్లో నిలబడి మేడ మీదున్న మా అమ్మాయికే వీడియో కాల్ చేశాను. నా ఫోను కొత్తది. అదీ అంతే. అమ్మాయి మొహం నోరు తెరిచినట్టే నిలిచిపోయింది. దాన్ని కిందికి పిలిచి చూపించాను.

"అయితే పలకది తప్పు కాదమ్మా" అంది అది, తల పట్టుకుని. "పాపం, దాన్ని అన్ని రోజులు తిట్టినాం."

"మరి ఎవరిది?"

దానికీ తెలియలేదు. ఈ తెలియకపోవడం కోసమే మా ఆయన కాచుకుని ఉన్నట్టున్నాడు. అంగడిలోకి పోయి, గంగాళంలోంచి పాత పెట్టెలు తీసి, పేపరు విప్పి, తుడిచి తెచ్చాడు. "నేను అప్పుడే చెప్పినా. మీ కొత్తవి మీరు మేడ మీద పెట్టుకోండి. మాయమ్మకు పాతవే సాలు." అమ్మాయి కూడా అడ్డు చెప్పలేదు. ఆఫీసు పోతే పోనీ అన్నది.

మా అత్త అప్పటికే పచ్చ గుర్తు నొక్కేసింది, అలవాటు కొద్దీ. పలకలో పెద్దత్త బొమ్మ నిలిచిపోయి ఉంది, దాని మీద సున్నా తిరుగుతోంది. మా ఆయన నడవలో తలుపు ముందు స్టూలు వేసుకుని ఎక్కాడు. పెట్టె తీయాలంటే గుమ్మడికాయ అడ్డం. ఉట్టితో సహా కొక్కెం నుంచి తప్పించాడు.

"రేయ్, దించాకు! అమాస రాకుండా దించకూడదు!" మా అత్త పొయ్యి దగ్గర నుంచి అరిచింది.

"మరి పెట్టె ఎట్ల తియ్యల్లమ్మా?"

ఆయన గుమ్మడికాయను రెండు చేతులతో ఎత్తుకుని, దించలేక, మళ్ళీ పెట్టలేక స్టూలు మీద నిలబడ్డాడు. అప్పుడు పలకలోంచి మాట వినిపించింది. "అత్తా? అత్తా, కనపడతాండావు!" రూపనగుడి కోడలు. సున్నా పోయింది. పెద్దత్త ముక్కుపుడక మళ్ళీ మెరుస్తోంది.

మా అమ్మాయి ముందుగా తేరుకుంది.

"నాన్నా, కాయ మళ్ళీ కట్టు."

కట్టాడు. పెద్దత్త నిలిచిపోయింది, సున్నా తిరిగింది.

"తియ్యి."

తీశాడు. పెద్దత్త వచ్చింది.

"మళ్ళీ కట్టు!"

"నన్ను ఏమనుకుంటాండావే నువ్వు?" అన్నాడు గానీ కట్టాడు. పెద్దత్త పోయింది. తీశాడు. వచ్చింది. అమ్మాయి నవ్వు ఆపుకోలేక గోడకు ఆనుకుంది. "నీళ్ళు నాన్నా! గుమ్మడికాయంటే అంతా నీళ్ళే. హాల్లో పెట్టె మాట నడవలోంచి వచ్చి దీనికి తగిలి ఆగిపోతాండాది. ఇటు గోడలు, అటు గోడలు, ఉన్నది ఈ ఒక్క సందే. దానికి అడ్డంగా కట్టినాం!"

మా ఆయన నమ్మలేక తనంతట తనే ఇంకోసారి కట్టి, తీసి చూశాడు. తలుపు తెరిచే ఉంది కాబట్టి పలకకు ఆయన బాగా కనపడుతున్నాడు. స్టూలు మీద పంచె ఎగ్గట్టుకున్న మనిషి, ఒళ్ళో పసిబిడ్డలా బూడిద గుమ్మడికాయ.

పలకలోంచి ఒక వింత చప్పుడు వచ్చింది. పెద్దత్తకు పొలమారిందనుకుని కోడలు కంగారుగా వీపు నిమరబోయింది. నేనూ దగ్గే అనుకున్నాను. మా అత్త మాత్రం గరిటె పట్టుకునే పలక దగ్గరికి వచ్చి వంగి చూసింది.

"నగుతాండాది" అంది. "మాయక్క నగుతాండాది."

నిజమే. సగం మొహం కదలదు, రెండో సగం అంతా నవ్వే. మాట పోయిన తర్వాత ఆ గొంతులోంచి మేము విన్న మొదటి చప్పుడు అది. నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు కూడా. మా ఆయన స్టూలు మీద కాయ పట్టుకుని అట్లాగే నిలబడిపోయాడు, కదిలితే ఆ నవ్వు ఆగిపోతుందేమోనని.

మా అత్త కొంగుతో పలకను తుడిచింది, దాని మీద ఏమీ లేకపోయినా.

"అక్కా, ఆ గాజులంగడామె నువ్వు తినేది సూసి ఏమో అనింది. నీ అన్నానికి దిష్టి తగలకూడదని కట్టించినా అది. నేనే కట్టించినా. నేనే నీ కూటికి అడ్డం పడితిని సూడు."

పెద్దత్త ఇంకా నవ్వుతూనే ఉంది. మా అత్త తల తిప్పి కొడుకుతో, "దించెయ్‌రా దాన్ని. తీస్కపోయి బయట కట్టు. దిష్టి తగిలేదుంటే నాకు తగలనీ" అంది. అమావాస్య రాకుండా కాయ దించడం మా ఇంట్లో నేను చూసింది అదొక్కసారే.

ఆయన దిగాడు. మా అత్త పొయ్యి దగ్గరికి పోయి మూకుడులో నూనె పోసింది. ఆవాలు చిటపటమన్నాయి. అవతల కోడలు ముద్ద కలిపి, ఎత్తి పట్టుకుని, ఆ నవ్వు ఆగడం కోసం చూస్తోంది.

"నగేది సాలు అక్కా" అంది మా అత్త, వెనక్కి తిరగకుండానే. "ముందు మింగు."

ఆమె మింగింది.